మాటిమాటికీ గర్భస్రావం : వైద్యం, ఓదార్పు, షరీఅత్ దృక్పథం

శ్రీశైలం ఆనకట్ట కట్టేవారి కోసం నల్లమల అడవి మధ్య వెలసిన ఊరు సున్నిపెంట. 1963లో ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగిన తర్వాత కూలీలు, మేస్త్రీలు, డ్రైవర్లు, ఇంజనీర్లు ఎక్కడెక్కడి నుండో వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టారు. పని ముగిసినా చాలామంది వెనుదిరిగి వెళ్ళలేదు. 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఈ ఊరు చేరింది. జిల్లా మారినంత మాత్రాన దారి దగ్గర కాలేదు. దోర్నాల చేరడానికే నలభై కిలోమీటర్లకు పైబడిన అడవిదారి. అక్కడి నుండి ఆత్మకూరు మీదుగా నంద్యాలకు పోవాలంటే ఒక పూట ప్రయాణం. పులుల అభయారణ్యం గనుక రాత్రివేళ సాధారణ వాహనాల రాకపోకలపై ఆంక్షలున్నాయి.

ఇలాంటి ఊళ్ళో ఒక ఇల్లాలికి రెండవసారి కూడా మూడో నెలలో కడుపు పోయిందనుకోండి. ఆమెను పరామర్శించడానికి వచ్చేవారు సాధారణంగా మూడు రకాల మాటలు చెబుతారు. ఒకరు గ్రహణం నాడు బయట తిరిగావేమో అంటారు. మరొకరు నజర్ తగిలిందనీ, ఫలానా చోట తావీజు కట్టించుకొమ్మనీ చెబుతారు. మూడవవారు కాస్త మతనిష్ఠ ఉన్నవారు. "అల్లాహ్ రాసినది జరిగింది, సబ్ర్ చేయమ్మా" అని లేచి వెళ్ళిపోతారు. ఈ మూడవ మాట సత్యమే. కాని దానిని చెప్పే పద్ధతివల్ల మొదటి రెండు మాటలు చేసిన హానే ఇదీ చేస్తున్నది. ఆ స్త్రీ ఆసుపత్రికి వెళ్ళడం ఆగిపోతున్నది. రెండు గర్భాలు పోయినచోట కారణం వెదకాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ కలగడం లేదు. మూడవ గర్భం కూడా అదే దారిన పోతున్నది.

అందుచేత ఈ విషయంలో వైద్యశాస్త్రానికి తెలిసినదేమిటో, షరీఅత్ చెప్పేదేమిటో కలిపి చూడడం అవసరం.

గర్భం ధరించినట్లు తెలిసిన తర్వాత, బిడ్డ బయట బ్రతకగలిగే దశకు ముందే అది పోవడాన్ని గర్భస్రావం అంటారు. మన దేశంలో వైద్యులు సాధారణంగా 20 వారాలను హద్దుగా తీసుకుంటారు. ఇది అరుదైన సంఘటన కాదు. గుర్తించిన గర్భాలలో ఇంచుమించు నూటికి 15 ఇలా పోతాయి. 2021లో బ్రిటన్ వైద్యపత్రిక లాన్సెట్ ప్రకటించిన వ్యాసాల ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఏడాదికి సుమారు 2 కోట్ల 30 లక్షల గర్భస్రావాలు జరుగుతున్నాయి. ప్రతి నిమిషానికీ 44 అన్నమాట. ఒక్కసారి జరిగితే సాధారణంగా పెద్ద పరీక్షలేవీ అవసరం ఉండదు. వాటిలో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల లెక్క తప్పడంవల్ల జరిగేవే. తరువాతి గర్భం చాలావరకు నిలుస్తుంది.

రెండు, మూడుసార్లు జరిగినప్పుడు పరిస్థితి వేరు. ఎన్నిసార్లు జరిగితే 'మాటిమాటికీ' అనాలన్న విషయంలో వైద్యసంఘాల మధ్య భేదాభిప్రాయం ఉంది. బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం మూడు అంటుంది. అవి వరుసగానే జరిగి ఉండాలన్న షరతును 2023లో తొలగించింది. అమెరికా, యూరప్ సంఘాలు రెండు చాలునంటాయి. సున్నిపెంట వంటి ఊళ్ళో ఉండేవారు రెండింటినే హద్దుగా పెట్టుకోవడం మంచిది. ఇంకొకసారి పోయేదాకా ఆగి చూద్దామనడంలో ఏ పుణ్యమూ లేదు. పైగా, ఇంతకుముందెన్నడూ గర్భస్రావం కానివారికి ప్రమాదం నూటికి 11 ఉంటే, జరిగిన ప్రతిసారికీ ఇంచుమించు పది చొప్పున పెరిగి, మూడు లేక అంతకు మించి పోయినవారికి 42 వరకు చేరుతుందని లాన్సెట్ వ్యాసాలు లెక్కగట్టాయి. ఇదే లెక్కను తిరగేసి చూస్తే మూడుసార్లు పోయిన తర్వాత కూడా నూటికి 58 గర్భాలు నిలుస్తున్నాయి. ఈ రెండవ ముఖాన్ని ఆ ఇల్లాలికి చెప్పేవారే ఉండరు.

నిందల సంగతి ముందుగా తేల్చుకోవాలి. ఎందుకంటే కారణం తెలిసిపోయిందనుకున్న ఇంట్లోవారు వైద్యుని దగ్గరకు పోరు.

హిజ్రీ 10వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 632లో, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి పసికందు హజ్రత్ ఇబ్రాహీమ్ మరణించాడు. అప్పటికి అతనికి రెండేళ్ళయినా నిండలేదు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణానికి ఆకాశమే సంతాపం తెలుపుతున్నదని మదీనా ప్రజలు చెప్పుకున్నారు. తన గౌరవాన్ని పెంచే మాటే అయినా దైవప్రవక్త (స) దానిని సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఒకరి చావుకోసమో పుట్టుకకోసమో వాటికి గ్రహణం పట్టదనీ ప్రకటించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. పుత్రశోకంలో ఉన్న తండ్రి, అదే రోజున, తన బిడ్డ విషయంలోనే చెప్పిన మాట ఇది. అయినప్పటికీ నేటికీ మన ఇళ్ళలో గ్రహణంనాడు గర్భిణిని గదిలో పెట్టి తలుపు వేస్తున్నారు, కత్తి పట్టనివ్వడం లేదు, అన్నం తిననివ్వడం లేదు. తరువాత గర్భం పోతే ఆ రోజు ఆమె చేసిన పనిని వెదికి వెదికి గుర్తు చేస్తున్నారు. గ్రహణ సమయంలో చేయవలసింది నమాజు, దుఆ, దానం.

నజర్ విషయం కొంచెం వేరు. దిష్టికి ప్రభావం ఉందని హదీసులలో ఉంది గనుక ముస్లిం దానిని కొట్టివేయడు. కాని ఫలానా తోడికోడలో, ఫలానా పొరుగింటి గొడ్రాలో చూసిన చూపువల్ల కడుపు పోయిందని తీర్పు చెప్పే అధికారం ఎవరికీ లేదు. అది అపనింద, దుశ్శంక. దుశ్శకునం అనేదే లేదని దైవప్రవక్త (స) స్పష్టంగా చెప్పారు. ఖుర్ఆన్ చివరి రెండు సూరాలు పఠించి ఊదుకోవడం సున్నత్. డబ్బు తీసుకొని, పేరూ తల్లి పేరూ అడిగి, లెక్కలు కట్టి తాయెత్తులు ఇచ్చే ఆమిల్‌కూ ఆ సున్నత్‌కూ ఏ సంబంధమూ లేదు. ఇక బిందె ఎత్తినందువల్ల, బస్సు ఎక్కినందువల్ల, బొప్పాయి ముక్క తిన్నందువల్ల, భర్తతో కలిసినందువల్ల ఆరోగ్యంగా ఉన్న గర్భం జారిపోతుందనడానికి ఆధారం లేదు. మంచంమీద కదలకుండా పడుకుంటే గర్భం నిలుస్తుందనడానికీ ఆధారం లేదు.

మరి వైద్యులు ఏ కారణాలను వెదకుతారు?

మొదట చెప్పవలసింది రక్తానికి సంబంధించిన ఒక రుగ్మత. దీనికే మంచి చికిత్స ఉన్నది గనుక దీనినే వివరంగా చూడాలి. శరీరాన్ని రక్షించవలసిన ప్రతిరక్షకాలు కొందరిలో శరీరం మీదికే తిరగబడి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి, మాయ సరిగా పాతుకోకుండా చేస్తాయి. లండన్‌లోని గ్రాహమ్ హ్యూస్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ 1983లో దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. దీనిపేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. మాటిమాటికీ గర్భం పోయేవారిలో నూటికి 5 నుండి 20 మందిలో ఈ ప్రతిరక్షకాలు కనిపిస్తాయి. దీనికి రక్తపరీక్ష ఒక్కసారి చేస్తే చాలదు. కనీసం 12 వారాల ఎడంతో రెండుసార్లు చేయాలి, రెండుసార్లూ కనిపిస్తేనే వ్యాధి ఉన్నట్లు. జ్వరం వంటివి వచ్చినప్పుడు ఇవి తాత్కాలికంగా కనిపించి పోతుంటాయి. మొదటి కాగితం చూసి భయపడి, రెండవ పరీక్షకు పోనివారు చాలామంది. సున్నిపెంట నుండి ఇంకొకసారి ఘాట్ రోడ్డు దిగాలంటే కలిగే బద్ధకం అర్థం కానిది కాదు. కాని చికిత్స అంతా ఆ రెండవ కాగితం మీదనే ఆధారపడి ఉంది.

వ్యాధి నిర్ధారణ అయితే గర్భం ధరించిన తర్వాత తక్కువ మోతాదు ఆస్పిరిన్ మాత్ర, హెపారిన్ సూదిమందు ఇస్తారు. 1997లో లండన్‌లో ఇటువంటి 90 మంది స్త్రీలపై జరిపిన పరిశీలనలో, ఆస్పిరిన్ మాత్రమే వాడినవారిలో నూటికి 42 మందికి బిడ్డలు దక్కగా, రెండూ కలిపి వాడినవారిలో 71 మందికి దక్కారు.

ఇక్కడే ముస్లిం కుటుంబాలకు ఒక చిక్కు ఎదురవుతుంది. హెపారిన్‌నూ, నేడు ఎక్కువగా వాడే ఎనోక్సాపారిన్‌నూ పంది పేగుల లోపలిపొర నుండి తయారు చేస్తారు. ఈ సంగతి మందుల దుకాణంలోనో, డబ్బామీద కాగితం చదివో తెలుసుకొని సూదులు మానేసేవారున్నారు; తెలిసి కూడా వాడుతూ పాపభీతితో కుమిలిపోయేవారున్నారు. ఈ రెండు స్థితులూ అక్కరలేనివే.

నిషిద్ధ వస్తువులలో అల్లాహ్ స్వస్థత ఉంచలేదనే భావంగల మాట హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) నుండి బుఖారీలో ఉల్లేఖించబడింది. సాధారణ నియమం అదే. అయితే గత్యంతరం లేని స్థితికి ఖుర్ఆనే మినహాయింపు ఇచ్చింది (అల్ బఖరా సూరా 173వ ఆయత్). హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథం దుర్రె ముఖ్తార్‌లోనూ, దానిపై ఇబ్నె ఆబిదీన్ వ్రాసిన వ్యాఖ్యలోనూ ఈ చర్చ ఉంది: అందులో స్వస్థత ఉందని తెలిసి, దానికి బదులుగా ధర్మసమ్మతమైన మందు లేనప్పుడు వాడవచ్చునని చాలామంది ఫకీహ్‌లు అభిప్రాయపడ్డారు. సరిగా హెపారిన్ విషయమే 2003 డిసెంబరులో మక్కాలో రాబితా ఆలమె ఇస్లామీ వారి ఫిఖ్‌హ్ మండలి ముందుకు వచ్చింది. పవిత్రమైన ప్రత్యామ్నాయం సరిపోయేట్లు దొరకనప్పుడు ఈ కొత్తరకం హెపారిన్‌ను చికిత్సకు వాడవచ్చుననీ, అవసరానికి మించి దానిని విస్తరింపజేయరాదనీ, శుద్ధమైన బదులు మందు దొరికిన నాడు దానికి మారాలనీ మండలి తీర్మానించింది. ఫాండాపారినక్స్ అనే కృత్రిమ మందు ఒకటి ఉంది. కాని గర్భిణుల విషయంలో దాని అనుభవం తక్కువ. అది సరిపోతుందా లేదా అన్నది వైద్యులు చెప్పాలి. ఆ ప్రశ్న వైద్యుని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

'అవసరానికి మించరాదు' అన్న ఆ షరతు మీద ఇంకొంచెం నిలవాలి. నేడు చాలాచోట్ల పరీక్షలు పూర్తికాకుండానే, గర్భం నిలవడం లేదని చెప్పిన ప్రతి స్త్రీకీ ఈ సూదులు వ్రాసిస్తున్నారు. కారణం తెలియని గర్భస్రావాలలో హెపారిన్‌వల్ల లాభం కనబడలేదు. పుట్టుకతో వచ్చే రక్తం గడ్డకట్టే లక్షణాలున్న స్త్రీలపై జరిపి 2023లో లాన్సెట్‌లో ప్రకటించిన పరిశీలనలో కూడా లాభం తేలలేదు. నెలల తరబడి రోజుకొక సూది అంటే పేదకుటుంబానికి తలకు మించిన ఖర్చు. అవసరమే నిరూపణ కానిచోట షరీఅత్ ఇచ్చిన వెసులుబాటు కూడా వర్తించదు. కాబట్టి "నాకు ఈ సూది ఎందుకు? ఏ పరీక్షలో ఏమి తేలింది?" అని అడగడం ఆ ఇల్లాలి హక్కు మాత్రమే కాదు, ఆమె దీనీ బాధ్యత కూడా.

మిగిలిన కారణాలను క్లుప్తంగా చెప్పవచ్చు. అదుపులో లేని మధుమేహం, థైరాయిడ్ లోపం రక్తపరీక్షలో తెలుస్తాయి, మందులతో సరిదిద్దబడతాయి. గర్భాశయం ఆకారంలో లోపాలు స్కానింగులో కనిపిస్తాయి. లోపల అడ్డుగోడవలె ఉన్న పొరను కోసి తీసేయడంవల్ల ఎంత మేలు అన్నది ఇంకా తేలలేదు. నాలుగో నెల దాటిన తర్వాత నొప్పులు లేకుండానే గర్భం జారిపోతుంటే గర్భాశయ ద్వారం బలహీనంగా ఉందేమో చూస్తారు. దానికి కుట్టువేసే పద్ధతిని 1955లో ప్రపంచానికి తెలిపినవారు బొంబాయి వైద్యులు డాక్టర్ శిరోడ్కర్. నేటికీ అన్ని దేశాలలోనూ అది ఆయన పేరుతోనే పిలువబడుతున్నది. వయసు మరొక కారణం. డెన్మార్క్ దేశపు లెక్కలను బట్టి, ఇరవై నుండి ఇరవైనాలుగేళ్ళ స్త్రీలలో నూటికి 9 గర్భాలు పోతే, నలభై దాటినవారిలో సగానికి పైగా పోతున్నాయి.

భర్త సంగతి మన ఇళ్ళలో ఎవరూ ఎత్తరు. పిండానికి క్రోమోజోములలో సగం తండ్రివే. భార్యాభర్తలలో ఒకరికి క్రోమోజోము ముక్క చోటు మారి అతుక్కొని ఉండవచ్చు. ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు, బిడ్డకు మాత్రం లెక్క తప్పుతుంది. మాటిమాటికీ గర్భం పోయే జంటలలో నూటికి రెండు నుండి అయిదింటిలో ఇది కనిపిస్తుంది. అది భర్తలో ఉండవచ్చు, భార్యలో ఉండవచ్చు. నలభై దాటిన తండ్రి వయసూ, పొగాకూ కూడా లెక్కలోకి వస్తాయి. కనుక ఆసుపత్రికి ఇద్దరూ వెళ్ళాలి. భార్యను ఆమె తల్లితో పంపి తాను బయట ఉండిపోయే భర్త సగం వైద్యాన్ని ఆపుతున్నాడు.

చేయనక్కరలేని పరీక్షలూ ఉన్నాయి. టార్చ్ పేరుతో చేసే రక్తపరీక్షల వరుస మన ప్రాంతంలో బాగా అలవాటు. మాటిమాటికీ జరిగే గర్భస్రావానికి అది దారి చూపదని బ్రిటన్, యూరప్ సంఘాలు రెండూ తేల్చాయి. భర్త రక్తకణాలను భార్యకు ఎక్కించే చికిత్స ఒకటి వేలకు వేలు తీసుకొని చేస్తున్నారు. దానినీ ఆ సంఘాలు సిఫారసు చేయడం లేదు. ప్రొజెస్టరాన్ మందు గురించి రెండు పెద్ద పరిశీలనలు జరిగాయి. 2015 నాటిదానిలో, కారణం తెలియని స్త్రీలందరికీ ఇస్తే లాభం కనబడలేదు. 2019లో 4,153 మందిపై జరిపినదానిలో, లోగడ గర్భస్రావాలు జరిగి ఈ గర్భంలోనూ రక్తం కనబడినవారికి, ముఖ్యంగా మూడు లేక అంతకు మించి పోయినవారికి, మేలు కనబడింది. అంటే మందు ఒకటే. ఎవరికి, ఎప్పుడు అన్నదే తేడా.

ఇన్ని పరీక్షలు చేసినా ఇంచుమించు సగంమందిలో ఏ కారణమూ దొరకదు. ఈ మాట వినగానే కుటుంబాలు నిరాశపడతాయి. "డాక్టరుకే తెలియలేదు" అని తావీజుల దారి పడతాయి. నిజానికి ఇది శుభవార్త. వయసులో ఉన్న స్త్రీకి కారణం ఏదీ కనబడలేదంటే తరువాతి గర్భం నిలిచే అవకాశమే ఎక్కువ. ఇటువంటి స్త్రీలను 1999లో బ్రిటన్‌లో పరిశీలించగా, మందులు లేకుండా ఓదార్పు, తరచు స్కానింగు మాత్రమే ఇచ్చినప్పుడు నూటికి 75 మంది గర్భాలు నిలిచాయి. 1984లో నార్వేకు చెందిన స్ట్రే-పెడర్సన్ దంపతులు ప్రకటించిన లెక్క ఇంకా ఆశ్చర్యం గొలుపుతుంది. కారణం తెలియని స్త్రీలలో వారం వారం వైద్యులు పలకరించి, ధైర్యం చెప్పి, చూసుకున్నవారిలో నూటికి 86 మందికి గర్భం నిలిచింది. అలా చూసుకోనివారిలో 33 మందికే నిలిచింది. ఆ పరిశీలన పద్ధతిలో లోపాలున్నాయి గనుక అంకెలను అక్షరాలా నమ్మకూడదు. కాని ఆదరణ ఖర్చులేని మందు, హాని లేని మందు. దానిని ఆసుపత్రికే వదిలివేయక ఇల్లు కూడా ఇవ్వగలదు.

ఇల్లు ఏమి ఇస్తున్నది? లండన్‌లో గర్భం పోయిన ఆరువందల మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2020లో ప్రకటించిన ఫలితాలలో, నెల తర్వాత నూటికి 29 మందికి ఘోరప్రమాదం నుండి బయటపడినవారికుండే మానసిక లక్షణాలు కనిపించాయి. తొమ్మిది నెలల తర్వాత కూడా 18 మందిలో అవి తగ్గలేదు. బిడ్డ ముఖం చూడలేదు గదా, దుఃఖమెందుకు అనేవారికి ఈ లెక్క జవాబు. తెలుగులో దీనిని 'కడుపు పోయింది' అంటాం, 'స్రావం' అంటాం, ఏదో కారిపోయినట్లు. అరబీలో 'సిఖ్త్' అంటే రాలిపడిన బిడ్డ. హదీసులలో ఆ పదమే వాడబడింది. రాలిపోయిన ఆ బిడ్డ, సహనం వహించిన తల్లిని తన బొడ్డుతాడుతో స్వర్గానికి లాక్కొని పోతాడనే భావంగల హదీసు ఇబ్నె మాజాలో ఉంది. దాని ఉల్లేఖకుల పరంపర గురించి హదీసువేత్తలు చర్చించారు. అయితే పోగొట్టుకున్న పిల్లలు తల్లికి నరకాగ్ని నుండి అడ్డు అవుతారనే భావం బుఖారీ, ముస్లింలలోని ప్రామాణిక హదీసులలో ఉన్నదే.

సబ్ర్ అన్న మాటకు మనవారు 'ఏడవకపోవడం' అని అర్థం చెప్పుకుంటున్నారు. ఇబ్రాహీమ్ మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు కార్చారు. ఆ కన్నీటిని చూసి హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోగా, అది కారుణ్యమని చెప్పారు. సబ్ర్ అంటే నిలదొక్కుకోవడం, నోటిని అల్లాహ్‌పై ఫిర్యాదు చేయకుండా ఆపుకోవడం. హజ్రత్ మర్యమ్ (అ) ప్రసవవేదనలో ఖర్జూరపు చెట్టు క్రింద, తాను అంతకుముందే మరణించి మరుగున పడి ఉంటే బాగుండేదని వాపోయిన సంగతి ఖుర్ఆన్‌లో మర్యమ్ సూరాలో ఉంది. ఆ మాటకు ఆమెను మందలించడం జరగలేదు. దుఃఖపడవద్దని పిలుపు వచ్చింది. పాదాల చెంత నీటి ఊట చూపబడింది, చెట్టు కదిలించి తాజా పండ్లు తినమనీ, త్రాగమనీ చెప్పబడింది, జనానికి సంజాయిషీ ఇవ్వకుండా మౌనంగా ఉండమని చెప్పబడింది. పరామర్శకు వెళ్ళేవారికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఆహారం తీసుకువెళ్ళాలి, ఆమెను ప్రశ్నించరాదు.

నిజమైన ప్రమాదం మూడవసారి తర్వాత మొదలవుతుంది. "మా వాడికి ఇంకొక పెళ్ళి చేస్తాం" అన్న మాట వంటింట్లో వినబడుతుంది. తలాఖ్ మాట కూడా. కూతుళ్ళనిచ్చినా, కొడుకులనిచ్చినా, ఇద్దరినీ ఇచ్చినా, సంతానహీనులుగా ఉంచినా అది అల్లాహ్ నిర్ణయమని షూరా సూరా 49, 50 ఆయత్‌లు తెలుపుతున్నాయి. ఆ నిర్ణయాన్ని నమ్ముతామనేవారే దానికి శిక్షగా కోడలిని బయటికి పంపడం విడ్డూరం. రెండవ వివాహానికి షరీఅత్‌లో ఉన్న అనుమతి న్యాయమనే షరతుతో కూడినది; వైద్యం చేయించకుండా, భర్త తనను తాను పరీక్ష చేయించుకోకుండా, భార్యను బెదిరించడానికి వాడుకునే ఆయుధం కాదది. హజ్రత్ జకరియ్యా (అ) భార్య గొడ్రాలైనప్పటికీ ఆయన వేరొక పెళ్ళి వెదకలేదు. ఆయన చేసిన దుఆ ఖుర్ఆన్‌లో ఉంది.

ఫిఖ్‌హ్‌కు సంబంధించిన కొన్ని సంగతులు చాలామందికి తెలియవు. అడగడానికి సిగ్గుపడతారు. హనఫీ మతం ప్రకారం బిడ్డ వ్రేలో, గోరో, వెంట్రుకో వంటి ఏదైనా అవయవం ఏర్పడి ఉంటే తరువాత వచ్చే రక్తం నిఫాస్, అంటే పురిటి రక్తం. అది ఆగేదాకా, లేదా గరిష్ఠంగా 40 రోజులవరకు, నమాజు లేదు. అవయవాలేవీ ఏర్పడకుండా రక్తపుముద్దగానే పోతే అది నిఫాస్ కాదు. మూడు రోజులు తగ్గకుండా సాగి, అంతకుముందు పదిహేను రోజుల శుద్ధి ఉంటే హైజ్‌గా, లేకుంటే ఇస్తిహాజాగా లెక్కించాలి. ఇస్తిహాజాలో నమాజు మానరాదు. ప్రాణలక్షణం ఏదీ లేకుండా పుట్టిన బిడ్డకు జనాజా నమాజు లేదు గాని, అవయవాలు ఏర్పడి ఉంటే కడిగి, గుడ్డలో చుట్టి, పేరు పెట్టి ఖననం చేయాలి. నాలుగు నెలలు నిండిన బిడ్డకు జనాజా నమాజు కూడా చేయాలని హంబలీలు అంటారు. ఆసుపత్రిలో జరిగినప్పుడు పిండాన్ని ఇంటికి ఇవ్వమని మర్యాదగా కోరవచ్చు. క్రోమోజోముల పరీక్షకు పంపవలసి వస్తే అందుకు అభ్యంతరం లేదు. మిగిలినదానిని ఖననం చేయాలి.

మగవైద్యుని వద్దకు వెళ్ళడం గురించి కూడా సందేహం ఉంటుంది. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ దీనికి క్రమం చెప్పింది: మొదట ముస్లిం వైద్యురాలు, లేకుంటే ముస్లిమేతర వైద్యురాలు, ఆమె కూడా లేకుంటే ముస్లిం వైద్యుడు, ఆ తర్వాత ముస్లిమేతర వైద్యుడు, చూడవలసినంత మేరకే చూడాలి, భర్తో మహ్రమో నమ్మకమైన స్త్రీయో దగ్గర ఉండాలి. ఎవరూ దొరకలేదని వైద్యమే మానుకొమ్మని ఆ తీర్మానంలో లేదు. వ్యాధికి వైద్యం చేయించుకొమ్మనీ, ముసలితనానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడనీ దైవప్రవక్త (స) చెప్పినట్లు ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించారు.

ఇక సున్నిపెంట నుండి దారి. మొదటి మెట్టు ఊళ్ళోని ప్రభుత్వ ఆసుపత్రి, ఆశా కార్యకర్త. 2016 నుండి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే కార్యక్రమం నడుస్తున్నది. పెద్ద పరీక్షలకు నంద్యాల పోవాలి. అక్కడ 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరవబడింది. ఆళ్ళగడ్డ వైపువారికీ అదే దగ్గర. ఇంకా అవసరమైతే 1956లో ఏర్పడిన కర్నూలు వైద్యకళాశాల అనుబంధ ఆసుపత్రి ఉంది. బయలుదేరే ముందు ఒక కాగితం మీద వ్రాసుకోవాలి: ఏ ఏ సంవత్సరం, ఎన్ని వారాలకు పోయింది, స్కానింగులో గుండె కొట్టుకోవడం కనబడిందా, నొప్పితో పోయిందా, లేకుండా పోయిందా, భార్య రక్తం గ్రూపు ఏమిటి. ఆర్‌హెచ్ నెగటివ్ అయితే ఆ సంగతి ముందే చెప్పాలి. పాత స్కానింగు కాగితాలు పారవేయకూడదు. వైద్యుని ముందు పది నిమిషాలు దొరికితే అందులో సగం ఆ కాగితమే ఆదా చేస్తుంది.

మనసు కుదుటపడకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022లో కేంద్రప్రభుత్వం ఆరంభించిన ఈ టెలిమానస్ సేవలో తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. బ్రిటన్‌లో గర్భస్రావం జరిగినవారి కోసం 1982 నుండే ఒక సంఘం ఉంది. మన స్త్రీల ఇజ్తెమాలలో ఈ దుఃఖం చవిచూసిన ఒక పెద్దావిడ, అదే దుఃఖంలో ఉన్న చిన్నదానితో వారానికొకసారి కూర్చోగలిగితే దానికి భవనమూ అక్కరలేదు, చందా అక్కరలేదు.

మళ్ళీ గర్భం కోసం ఆరు నెలలు ఆగాలని 2005లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా ఇచ్చింది. అంతకంటే ముందుగా నిలిచినా హాని లేదని తరువాతి పరిశీలనలు చెబుతున్నాయి. పన్నెండు వారాల ఎడంతో చేసే రక్తపరీక్ష మిగిలి ఉంటే మాత్రం అది ముగిసేవరకు ఆగడం మేలు. నెల తప్పడానికి ముందు నుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వేసుకోవాలి. నెల తప్పిన వారంలోనే ఆసుపత్రికి తెలపాలి, ఆరేడు వారాలకు స్కానింగు చేయించాలి. రమజాన్ వస్తే గర్భిణి తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయపడితే ఉపవాసాలు తరువాతికి వాయిదా వేసుకోవచ్చు.

గంటకు రెండు గుడ్డలు తడిసేంత రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం, చలిజ్వరం, దుర్వాసన, పొట్టలో ఒక ప్రక్క తీవ్రమైన నొప్పి, భుజం పోటు: వీటిలో ఏది కనబడినా తెల్లవారనీ అనుకోకూడదు. 108కి ఫోన్ చేసి, అడవిదారిలో ఉన్నామని మొదటి మాటగా చెప్పాలి. దోర్నాల వైపు చీకటిదారి ఉన్న ఇంట్లో, గర్భం నిలిచిన రోజునుండే ఒక వాహనం గలవారి నంబరూ, రక్తం ఇవ్వగల ఇద్దరి పేర్లూ గోడమీద వ్రాసి ఉంచుకోవాలి.